తెరచాప మీది సంఖ్య - జాక్ హోల్టు జీవితం

హుస్సేన్‌సాగరంలో జరిగే తెరచాప పడవల పందెములను గట్టున నిలిచి చూచినవారికి ఒక విషయం కంటబడి ఉంటుంది. ప్రతి చాప మీదను పెద్ద అంకెలలో ఒక సంఖ్య కనబడుతుంది. సాధారణంగా అది ఆనాటి పందెం కోసం ఇచ్చిన గుర్తు కాదు. ఆ నమూనా పడవలలో ఇది ఎన్నవదో తెలిపే జన్మసంఖ్య. మొదట తయారైన పడవ 1 అయితే, నూరవది 100. కనుక ఒక నమూనాను లోకం ఎంత ఆదరించినదో తెలుసుకోవడానికి వర్తకుల చిట్టాలు తిరగవేయనక్కరలేదు. చాపవంక తలయెత్తి చూస్తే చాలును. ఆ సంఖ్యలను వందలనుండి వేలకు, వేలనుండి పదివేలకు పెంచిన ఘనత ఇంగ్లండులోని ఒక కొయ్యపనివానికి చాలవరకు చెందుతుంది. ఆయన జాక్ హోల్టు.

జాన్ లాప్‌వర్త్ హోల్టు 1912లో జన్మించారు. ఆయన యువకుడుగా ఉన్ననాడు తెరచాప పడవ విహారం ధనికుల వినోదం. అందుకు కారణం నీరు కాదు, గాలి కాదు. అవి రెండూ అందరివి. కారణం పడవ నిర్మాణ విధానమే. సన్నని పలకలను ఒకదాని అంచుపై మరొకటి ఆనించి, ఆవిరిలో మెత్తబరచిన కర్రలను లోపల పక్కటెముకలవలె వంచి, లెక్కకు మించిన రాగి మేకులతో బిగించి పడవను రూపొందించేవారు. తరతరాల నైపుణ్యం గలవారికే అది సాధ్యం. అట్టి పడవ ఖరీదు గుమాస్తాకు గాని, బడిపంతులుకు గాని అందేది కాదు.

రెండవ ప్రపంచయుద్ధం ఈ స్థితిని మార్చే సాధనాన్ని తెచ్చినది. ఆ కాలంలో విమానాల నిర్మాణానికై నీటికి విడివడని కృత్రిమ జిగురులు, వాటితో అతికిన పలుచని పొరల ప్లైవుడ్డు అభివృద్ధి చెందినవి. మాస్కిటో అనే ప్రసిద్ధ యుద్ధవిమానం కొయ్యతో చేసినదే. యుద్ధానంతరం హోల్టు లండనులో, థేమ్సు నది ఒడ్డున పట్నీ అనే చోట బీచర్ మూర్‌తో భాగస్వామ్యంలో పడవల కర్మాగారం నడిపారు. ప్లైవుడ్డు స్వభావాన్ని ఆయన చక్కగా గ్రహించారు. కాగితాన్ని గొట్టంగా చుట్టవచ్చును. కాని కుండమీద ముడతపడకుండా అంటించలేము. ప్లైవుడ్డు కూడ అంతే. ఒక వైపు వంగుతుంది. రెండు వైపుల ఒక్కసారి వంగదు. అయితే గుండ్రని పడవను ఈ పలకతో చేయాలని పెనుగులాడడం ఎందుకు? కొద్దిపాటి చదును పలకలు అంచుల దగ్గర కలిసేటట్లు పడవ రూపాన్నే మార్చితే సరిపోదా? ఈ ఆలోచనపైననే ఆయన కీర్తి నిలిచినది.

1947లో యాటింగ్ వరల్డ్ అనే పత్రిక ప్రోత్సాహంతో ఆయన బాలబాలికల కోసం కేడెట్ అనే చిన్న పడవను రూపొందించారు. 1949లో జి.పి. 14 వచ్చినది. దాని పొడవు 14 అడుగులు. తెడ్లు వేయవచ్చును, చిన్న యంత్రం తగిలించవచ్చును, చాప ఎత్తవచ్చును. చిన్న కారు వెనుక రెండు చక్రాల బండిపై కట్టి లాగుకొని పోవచ్చును. ఈ చివరి గుణం చిన్నది కాదు. అంతవరకు పడవ ఉన్నచోటికి మనిషి పోవలసి ఉండెను. ఇక మనిషి పోయేచోటికి పడవ రాసాగినది. రేవులో స్థలానికి అద్దె చెల్లించలేనివాడు కూడ తన పెరటిలో పడవను నిలుపుకొన్నాడు. జి.పి. 14 సంఖ్యలు కాలక్రమాన 14,000 దాటినవి.

1956లో న్యూస్ క్రానికల్ అనే దినపత్రిక కోసం ఆయన ఎంటర్‌ప్రైజ్ పడవను గీశారు. 13 అడుగుల 3 అంగుళాల పొడవు, నీలి చాపలు. రెండు పడవలు రాత్రివేళ ఇంగ్లీషు ఛానెలును దాటి దాని శక్తిని లోకానికి చాటినవి. ఆ పత్రిక 1960లో మూతపడినది. అది పుట్టించిన పడవ మాత్రం బ్రతికినది. దాని సంఖ్యలు 20,000కు మించినవి. మన దేశానికీ అది వచ్చినది. 1982 ఆసియా క్రీడలలో బొంబాయి తీరాన ఎంటర్‌ప్రైజ్ పందెములు జరిగినవి.

ఆయన పేరు ఇంటింటికి చేరినది మాత్రం మిర్రర్ పడవతో. టెలివిజనులో గృహస్థులకు కొయ్యపని నేర్పి పేరుపొందిన బారీ బక్‌నెల్ ఒక సులభమైన పద్ధతిని ఆలోచించారు. కోసిన పలకల అంచులలో రంధ్రాలు చేసి, రాగితీగతో బట్టవలె కుట్టి, ఆ అతుకులపై గాజునార పట్టీని జిగురుతో అంటించడమే ఆ పద్ధతి. బక్‌నెల్ చేసిన తొలి నమూనాకు హోల్టు మెరుగులు దిద్ది, చక్కగా సాగే పడవగా తీర్చారు. డెయిలీ మిర్రర్ పత్రిక దానికి తన పేరిచ్చి, 1963 జనవరిలో లండను పడవల ప్రదర్శనలో లోకానికి పరిచయం చేసినది. పొడవు 10 అడుగుల 10 అంగుళాలు, బరువు సుమారు 45 కిలోలు, చాపలు ఎరుపు. చాప కొయ్యను రెండు భాగాలుగా అమర్చినందున, విప్పితే కర్రలన్నీ పడవ పొడవులోనే ఇమిడిపోతాయి. బండి కూడ అక్కరలేదు. కారు కప్పుమీద కట్టుకొని పోవచ్చును.

విడిభాగాల మూట వెల 63 పౌన్ల 11 షిల్లింగులు. ఆనాటి సగటు బ్రిటిష్ కార్మికుని దాదాపు నాలుగు వారాల వేతనం. 1964 నాటికి 50 లక్షల ప్రతులు అమ్ముడుపోయిన పత్రిక దానికి అండ. వసారాలలో, కొట్టాలలో, పాఠశాలల వడ్రంగి గదులలో మిర్రర్ పడవలు పుట్టసాగినవి. తండ్రి పలక పట్టుకొంటే కొడుకు తీగ మెలిపెట్టేవాడు. విద్యార్థులు లెక్కల తరగతిలో నేర్చిన కోణాలను పలకమీద చూచినారు. క్రమంగా ఆ సంఖ్యలు 70,000 దాటినవి.

అయితే సంఖ్యలను చదవడంలో కొంత జాగ్రత్త వలెను. చాప మీది సంఖ్య జననాల లెక్క. మరణాల లెక్క కాదు. కొట్టంలో ధూళి కప్పుకొన్న పడవకు, నీటిపై ఎగిరే పడవకు అది ఒకటే. మరియు ఆ 70,000లో అధిక భాగం మొదటి రెండు దశాబ్దాలలోనే పుట్టినవి. తరువాత వేగం తగ్గినది. కారణాలు ఊహింపరానివి కావు. అచ్చులో పోసిన గాజునార పడవలు వచ్చినవి. వాటికి ఏటేట రంగులు వేయనక్కరలేదు. బ్రూస్ కిర్బీ గీసిన లేజర్ అట్టిదే. అది రెండు లక్షలకు మించినది. తెరచాప పలకలు యువకులను ఆకర్షించినవి. మరొక కారణం విచిత్రమైనది. బాగుగా కట్టిన మిర్రర్ పడవ చాలాకాలం మన్నుతుంది. పాతది చవకగా దొరుకుతుండగా కొత్తది కొనేవారు తగ్గుతారు. మంచి పని తన అమ్మకానికి తానే అడ్డు వచ్చినదన్నమాట.

కాబట్టి అమ్మకాలు తగ్గడాన్ని హోల్టు ఓటమిగా లెక్కించడం న్యాయం కాదు. కాని ఒక నష్టం మాత్రం లేకపోలేదు. అచ్చు పడవ కొన్నవానికి పడవ దక్కుతుంది. మూట కొన్నవానికి పడవతోపాటు పని దక్కేది. తన చేతితో కుట్టిన అతుకు నీటిలో నిలిచినప్పుడు బాలునికి కలిగే ధైర్యానికి ఏ వర్తకుడూ వెల కట్టలేడు.

1979లో బ్రిటిష్ ప్రభుత్వం హోల్టును ఓ.బి.ఇ. బిరుదుతో గౌరవించినది. 1995 నవంబరులో ఆయన కన్నుమూశారు. 1 సంఖ్య గల తొలి మిర్రర్ పడవను బ్రిటనులోని జాతీయ సముద్ర సంగ్రహశాల భద్రపరచినది. ఒక విద్యను అందరికీ అందించడమంటే దానిని తక్కువ చేయడమని కొందరు పండితులు తలుస్తారు. హోల్టు పడవలు సులభమైనవి. కాని గాలి వీచినప్పుడు అవి ఎవరి పడవకూ తీసిపోలేదు. పాఠం చెప్పే మనకు ఆయన మిగిల్చిన పాఠం అదే. కష్టమైనదానిని కష్టంగానే ఉంచడం గొప్ప కాదు; దాని సారం చెడకుండ, సామాన్యుని చేతికి ఇమిడేటట్లు మలచడమే గొప్ప.