రబ్బరునకు వేడిమి నోర్చుట నేర్పిన చార్లెస్ గుడ్‌ఇయర్

అమెరికా దేశమున డ్రాగ్ రేసు అను నొక మోటారు పందెము కలదు. తిన్నని బాటపై రెండు కార్లు ప్రక్కప్రక్కన నిలిచి, దీపము వెలిగినంతనే పరుగిడును. వాడుకగా దూరము పావు మైలు, అనగా 1320 అడుగులు మాత్రమే. పందెమునకు ముందు చోదకుడు వెనుక చక్రములను తడిచోట నిలిపి, ముందు చక్రములకు బ్రేకు బిగించి, వెనుకవానిని గిరగిర త్రిప్పును. టైర్లనుండి తెల్లని పొగ మేఘమువలె లేచును. చూచువారికిది వట్టి ఆర్భాటముగా దోచును గాని, అట్లు కాదు. నీరుండుటచే చక్రము సులువుగా తిరుగ నారంభించును. అంటిన మట్టి కడిగిపోవును. పిమ్మట రాపిడివలన టైరు పైపొర వేడెక్కి మెత్తబడి బాటను జిగురువలె పట్టుకొనును. పట్టు చాలనిచో ఇంజను బలమంతయు చక్రము జారుటలోనే వ్యర్థమగును. వేడిమి మితిమీరినను పట్టు తగ్గును.

ఇంతగా కాగినను ఆ రబ్బరు కరగి కారిపోకుండుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనుటకై చార్లెస్ గుడ్‌ఇయర్ తన ఆయువును, ఆస్తిని, ఇంటివారి సుఖమును గూడ ధారపోసెను.

ఆయన 1800 సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కనెక్టికట్ రాష్ట్రమందలి న్యూ హేవెన్ పట్టణమున జన్మించెను. తండ్రి ఇనుప సామానుల వ్యాపారి. చార్లెస్ 1824లో క్లారిస్సా బీచర్ అను నామెను వివాహమాడి, ఫిలడెల్ఫియాలో అంగడి పెట్టెను. 1830 ప్రాంతమున అది దివాలా తీసెను. అప్పు తీర్చలేనివానిని చెరలో నుంచుట ఆ కాలపు చట్టము. ఆయన పలుమారులు చెరసాలకు పోయెను.

1834లో న్యూయార్కు నగరమున నొక రబ్బరు కంపెనీ అంగడిలో నీటిపై తేలు తిత్తిని చూచి, దానికి మేలైన మూత చేసి తీసికొనిపోయెను. అచటివారు ఆయనకొక రహస్యము తెలిపిరి. తమ సరకులన్నియు వేసవిలో కరగి దుర్వాసన కొట్టుచున్నవనియు, చలికాలమున రాతివలె గట్టిపడుచున్నవనియు, కావలసినది మూత గాదు, రబ్బరును బాగుచేయు ఉపాయమనియు చెప్పిరి. అది మొదలు ఆయన మనస్సు మరియొక దానిపైకి పోలేదు. చెరసాలలోనే భార్యచేత రబ్బరును, అప్పడముల కర్రను తెప్పించుకొని పరీక్షలు మొదలుపెట్టెను. రసాయన శాస్త్రము చదివినవాడు కాడు. మగ్నీషియా కలిపెను, సున్నము కలిపెను, నత్రికామ్లముతో కడిగెను. ఒక్కొక్కటి కొంతకాలము ఆశ చూపి వేసవి రాగానే భంగపడెను. ప్రభుత్వమువారి కొరకు చేసిన 150 తపాలా సంచులు వెచ్చని గదిలోనే కరగి చెడిపోయెను.

మసాచుసెట్స్ రాష్ట్రమందలి వూబర్న్‌లో నథానియేల్ హేవర్డ్ అను నతడు రబ్బరులో గంధకము కలుపుచుండెను. ఆ హక్కును గుడ్‌ఇయర్ కొనెను. 1839లో గంధకము కలిపిన ముక్క యొకటి కాలుచున్న పొయ్యికి తగిలెను. అది కరగలేదు! తోలువలె మాడెను. మాడినచోటి అంచున మాత్రము సాగుచు, చెడక, చక్కని రబ్బరు మిగిలెను. చలిలో నుంచి చూచినను అది పెళుసెక్కలేదు. దీనిని దైవవశమున జరిగినదని పలువురు వ్రాయుదురు. మేమట్లు తలపము. అట్టి ముక్క మరియొకని పొయ్యిపై పడియుండినచో చీపురుతో ఊడ్చివేయబడి యుండెడిది. అయిదేండ్లుగా దాని కొరకే వెదకుచున్నవాని కంట బడుటచే నిలిచినది.

జరిగినదేమనగా, రబ్బరు పొడవైన గొలుసులవంటి అణువుల సముదాయము. వేడిమి తగిలినప్పుడు గంధకము ఆ గొలుసుల నడుమ ముడులు వేయును. ముడిపడిన గొలుసులు వేడికి మెత్తబడగలవు గాని, విడిపోయి ప్రవహింపలేవు. మన సైకిలు టైరు ఎండలో నిలుచుటయు, పందెపు టైరు పొగలెగయునంత కాగియు రూపు చెడకుండుటయు ఈ ముడుల బలమే. రబ్బరును చెరచిన వేడిమియే రబ్బరును బాగుచేసినది.

ఎంత వేడిమి, ఎంతసేపు అనునది తేల్చుటకు మరి కొన్నియేండ్లు పట్టెను. ఆ దినములలో బిడ్డల బడి పుస్తకములను గూడ అమ్ముకొనెనని చెప్పుదురు. పలువురు బిడ్డలు పసితనమందే గతించిరి. చరిత్రకారులు ఆయన పట్టుదలను మెచ్చుకొందురు. సొంత వంటపొయ్యి ప్రయోగశాలయై, తిండిగింజలకు వెదకుకొనిన క్లారిస్సామ్మగారి ఓర్పును మెచ్చుట మాకు మరింత న్యాయముగా తోచుచున్నది. ఆమె 1853లో మరణించెను.

1844 జూన్ 15వ తేదీన అమెరికాలో పేటెంటు లభించెను. కాని ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ అంతకుముందే, 1843లో, దరఖాస్తు పెట్టియుండెను. అగ్నిదేవతయైన వల్కను పేరిట వల్కనైజేషను అను పేరును హాన్‌కాక్ మిత్రుడే పెట్టెను. 1852లో స్వదేశపు వ్యాజ్యెమున డేనియల్ వెబ్‌స్టర్ అను గొప్ప వకీలు గుడ్‌ఇయర్ పక్షమున వాదించి గెలిచెను. అయినను ధనము నిలువలేదు. హక్కులను చౌకగా ఇచ్చివేయుటయు, లండను, పారిసు ప్రదర్శనములకు విరివిగా వెచ్చించుటయు ఆయన లోపములు. పారిసులో అప్పులకై చెరలో నుండగానే ఫ్రెంచి చక్రవర్తి ఇచ్చిన గౌరవ పతకము ఆయనకు చేరెను.

1860 జూలై 1వ తేదీన న్యూయార్కులో మరణించునాటికి ఆయన అప్పులు సుమారు 2,00,000 డాలర్లు. టైర్లపై మనము చదువు గుడ్‌ఇయర్ అను పేరు గల కంపెనీ 1898లో ఓహయో రాష్ట్రమందలి ఆక్రన్‌లో ఫ్రాంక్ సైబర్లింగ్ స్థాపించినది. ఆయన గౌరవార్థము ఆ పేరు పెట్టిరి గాని, ఆ కంపెనీతో ఆయనకు గాని, ఆయన కుటుంబమునకు గాని సంబంధము లేదు.