సేవాలాల్ మహరాజ్: పాటల్లో బతికిన చరిత్ర

పత్తికొండ నుంచి గుత్తికి వెళ్లే దారిలో, మన జొన్నగిరికి దగ్గర్లోనే, ఎర్రగుడి గుట్ట మీద అశోక చక్రవర్తి రాయించిన ధర్మశాసనాలు ఉన్నాయి. అదే గుత్తి ప్రాంతంలో మన జాతి గురువు సంత్ సేవాలాల్ మహరాజ్ పుట్టారు. చక్రవర్తి మాటలు రాతి మీద నిలిచాయి. మన గురువు జీవితం పాటల్లో నిలిచింది.

1739 ఫిబ్రవరి 15న గొల్లలదొడ్డిలో ఆయన జన్మించారని మన పెద్దల లెక్క. నేడు ఆ చోటును సేవాగఢ్ అంటున్నాం. తండ్రి భీమా నాయక్, తల్లి ధర్మిణి యాడి. ఆ రోజుల్లో మనవాళ్లకు లదేణీయే బతుకుతెరువు. వందలాది ఎద్దుల వీపున ఉప్పు, ధాన్యం వేసుకుని ఊళ్లూ అడవులూ దాటేవారు. సేవాభాయా కూడా పశువులు కాస్తూ పెరిగారు.

మరియమ్మ తల్లి ఆయనను తన భక్తుడిగా రమ్మని పిలిచిందని పాటలు చెబుతాయి. ఆయన మొదట ఒప్పుకోలేదు. మూగజీవాలను బలి ఇవ్వడం ఆయనకు ఇష్టం లేదు. ఆ తర్వాత మందకూ తండాకూ కష్టాలు వచ్చాయి. చివరకు ఆయన తల్లి సేవకు అంకితమయ్యారు. పెళ్లి చేసుకోకుండా తండా తండాకూ తిరిగారు. సారా ముట్టవద్దని, దొంగతనం, అబద్ధం వద్దని, ఆడవారిని గౌరవించాలని, అడవినీ నీటినీ కాపాడుకోవాలని బోధించారు. ఆయన సమాధి మహారాష్ట్రలోని వాశిం జిల్లా పోహరాగఢ్‌లో ఉంది. శ్రీరామనవమికి అక్కడ పెద్ద జాతర జరుగుతుంది.

తీజ్, హోలీ, దీపావళి నాటి మేరా మనకు తరతరాల పండుగలు. సేవాలాల్ జయంతిని ఊరూరా జరుపుకోవడం ఈ మధ్య పెరిగింది. ఇప్పుడు ప్రభుత్వాలు కూడా అధికారికంగా జరుపుతున్నాయి. అయితే ఆ రోజు చేసే భోగ్ భండారో మాత్రం పాతదే. నిప్పు రాజేసి, అందులో నెయ్యి, తీపి కడావ్ సమర్పించి, అందరి క్షేమం కోరుతూ అర్దాస్ చేస్తాం. దీనికి గుడి గోపురాలు అక్కర్లేదు. తండా ఆగిన చోటే పూజాస్థలం. ఎప్పుడూ దారిలో ఉండే జాతికి తగిన పూజ ఇది. గురువు పేరున తెల్ల జెండా, తల్లి పేరున ఎర్ర జెండా ఎగరేస్తాం.

ఆ తర్వాత రైళ్లు వచ్చి లదేణీ పోయింది. 1871లో తెల్లదొరలు నేర తెగల చట్టం తెచ్చి మన జాతి మీదా దొంగల ముద్ర వేశారు. దొంగతనం వద్దని చెప్పిన గురువు బిడ్డలకు ఆ ముద్ర పడింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ అది తొలగలేదు. ఆ ఎనభై ఏళ్లూ మనం ఎవరమో మనకు గుర్తుచేసింది రాత్రిపూట నంగారా మోతతో పాడుకున్న ఆ పాటలే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎర్రగుడి రాళ్ల సంగతి ఒకసారి ఆలోచించండి. ఆ అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నా, చదవగలిగేవాళ్లు లేక వందల ఏళ్లు మూగగా పడి ఉన్నాయి. 1837లో ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించాకే అశోకుడి మాటలు మళ్లీ లోకానికి తెలిశాయి. మన గోర్‌బోలీకి సొంత లిపి కూడా లేదు. పాడేవాళ్లు పోతే వెతకడానికి రాయి కూడా మిగలదు.

అందుకే ఈ ఫిబ్రవరి 15న డీజే పెట్టే ముందు మీ నానమ్మనో, తండాలోని భగత్‌నో ఒక పాట పాడమనండి. ఫోన్‌లో రికార్డు చేయండి. తెలియని మాటకు అర్థం అడిగి, తెలుగు అక్షరాల్లో రాసుకోండి. సారా లేకుండా, భోగ్ దగ్గర ఆ పాట మీరే పాడండి. సేవాభాయా జయంతికి అంతకంటే పెద్ద ఏర్పాటు ఏముంటుంది?

జై సేవాలాల్!