గరిమెళ్ళ సత్యనారాయణగారు

శ్రీకాకుళసీమలో పుట్టి ఆంధ్రదేశమంతటను పేరు మారుమ్రోగిన వారిలో గరిమెళ్ళ సత్యనారాయణగారు ఒకరు. ఆయన 1893వ సంవత్సరమున, నరసన్నపేట ప్రాంతములో ప్రియాగ్రహారమునకు చేరువనున్న గోనెపాడు గ్రామమున జన్మించిరి. నాడది గంజాం జిల్లాలోనిది. తండ్రి వేంకటనరసింహముగారు, తల్లి సూరమ్మగారు. పేదయిల్లు. కన్నేపల్లి నరసింహారావుగారను న్యాయవాది ఆదరింపకున్నచో చదువు నడుమనే ఆగిపోవలసినదే. ఆ ఆదరణమువలన బి.ఏ. పట్టము పుచ్చుకొని, గంజాం కలెక్టరు కచేరీలో గుమాస్తాగాను, విజయనగరమున ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగాను పనిచేసిరి. పిదప ఉపాధ్యాయ శిక్షణమునకై రాజమహేంద్రవరము చేరిరి. పట్టముగల పేదవానికి సర్కారు కొలువే మోక్షమని లోకము తలచిన దినములవి.

1920 సెప్టెంబరున కలకత్తాలో జరిగిన కాంగ్రెసు ప్రత్యేకసభ గాంధీగారి సహాయనిరాకరణమును ఆమోదించెను. విద్యార్థులు సర్కారు కళాశాలలను, న్యాయవాదులు కోర్టులను, వోటర్లు శాసనసభల యెన్నికలను విడువవలెనని పిలుపు వచ్చెను. ఆ యెన్నికలలో వోటు ఆస్తియో పన్నో గల కొద్దిమందికే. కూలివానికి, పాలేరుకు, చదువుకొను కుఱ్ఱవానికి అందు చోటు లేదు. సత్యనారాయణగారు శిక్షణము విడిచి బయటికి వచ్చిరి. వోటు లేనివారికి రాజ్యవ్యవహారము తమదేనని చెప్పు మార్గము ఆయనకు పాటలో దొరకెను.

ఆ పాటయే మాకొద్దీ తెల్ల దొరతనము. అందు రాజనీతి శాస్త్రము లేదు. పంట పండియు అన్నము కఱవగుట, ఉప్పు ముట్టుకొనుట నేరమగుట, బడిలో రాట్నమును చూచి దొరలు బెదరుట, ఇట్టి ఇంటింటి సంగతులే కలవు. వాడుకమాటలతో నుండుటచే అక్షరము రానివాడును ఒకమారు విని నేర్చుకొనెను. ఊరేగింపులలో ముందు నడచిన పిల్లల నోట అది పల్లెపల్లెకు ప్రాకెను. తెలుగు రాని బ్రేకన్ అను కలెక్టరు ఆ పాట విని, భాష తెలియకున్నను దాని బలము తెలియుచున్నదని ఒప్పుకొనెనని చెప్పుకొందురు. బలము తెలిసిన సర్కారు ఊరకుండునా? 1922లో ఒక సంవత్సరము కారాగారశిక్ష విధించిరి.

విడుదలయైన పిమ్మట ఆయన కాలికి గజ్జె కట్టి, భుజమున జోలె తగిలించి, మరల ఊరూర పాడజొచ్చిరి. ఈ మారు శిక్ష రెండున్నర సంవత్సరములు. మొదటి శిక్ష తెలియక పడినదని అనుకొన్నను, రెండవది తెలిసి కోరి తెచ్చుకొన్నదే.

యువకులు రాజకీయములలో దిగినచో చదువు చెడును, కొలువు పోవును అని హెచ్చరించు పెద్దలు నాడును కలరు, నేడును కలరు. వారి మాట బొత్తిగా అబద్ధము కాదు. సత్యనారాయణగారికి కుదురైన కొలువు మరల చిక్కలేదు. అయితే ఎన్నికలనాడు ఒకరి జెండా మోసి మఱునాడు మరచుటయే రాజకీయమని తలచు యువకునకు ఆయన పని వేరుగా తోచును. పల్లెవాని కష్టము ఏ చట్టమువలన కలిగినదో ఆ పల్లెవానికే తెలియజెప్పుట ఆయన చేసిన పని. అది జరుగనిదే వోటు చేతికి వచ్చినను దానితో ఏమి చేయవలెనో తెలియదు. ఈ సీమలోనే బారువ గ్రామపు గౌతు లచ్చన్నగారు 1930లో, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, ఉప్పు సత్యాగ్రహమున ప్రవేశించి, తరువాత సోంపేటనుండి పలుమారులు శాసనసభకు ఎన్నికైరి. సత్యనారాయణగారికి అట్టి పదవులు లేవు.

మద్రాసు చేరి గృహలక్ష్మి, ఆంధ్రప్రభ మున్నగు పత్రికలలో పనిచేసిరి, అనువాదములు చేసిరి. స్వరాజ్యము వచ్చినను ఆయన యింటి దారిద్ర్యము తీరలేదు. పక్షవాతము సోకెను, ఒక కన్ను పోయెను. ఆయన పాటలు పాడి కారాగారమునకు పోయినవారిలో కొందరు ఏలుబడికి వచ్చిరి. పాట కట్టినవానిని తలచినవారు అరుదు. ఈ మరపు తెలుగువారికి గౌరవము కాదు.

ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతివానికిని, ప్రతి స్త్రీకిని వోటిచ్చిన మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరున ఆరంభమై 1952 ఫిబ్రవరిలో ముగిసెను. ఆ ప్రాయము పదునెనిమిదికి తగ్గుట 1989 నాటి మాట. ఎన్నికలు ముగిసిన ఆ 1952లోనే, డిసెంబరు 18వ తేదీన, ఏబదితొమ్మిది యేండ్ల ప్రాయమున సత్యనారాయణగారు మద్రాసులో కన్నుమూసిరి.