తిమోతి కడుపు జబ్బు

తిమోతి పేరు వినగానే మనకు ఇద్దరు స్త్రీలు గుర్తుకొస్తారు. ఒకరు అవ్వ లోయి, ఇంకొకరు తల్లి యునీకే. స్త్రీల కూటాల్లో వాళ్ల విశ్వాసం గురించి చెప్పని బోధకులుండరు. తండ్రి గ్రీసు దేశస్థుడు. ఊరు లుస్త్ర, ఇప్పటి టర్కీలోని కొన్యా పట్టణానికి దగ్గర. తిమోతి పసితనం నుంచీ లేఖనాలు ఎరిగినవాడు. ఇంతవరకు సండే స్కూలు పిల్లలు కూడా తడుముకోకుండా చెబుతారు. ఆయనకు కడుపు జబ్బు ఉండేదన్న సంగతి మాత్రం మన మందిరాల్లో ఎప్పుడో గాని వినబడదు. పౌలు ఒకే ఒక్క వచనంలో దాన్ని చెప్పి ముందుకు వెళ్లిపోయాడు (1 తిమోతి 5:23). ఆ జబ్బుకు పేరు పెట్టలేదు. నొప్పో, విరేచనాలో, తిన్నది ఇమడకపోవడమో రాయలేదు. తరచూ వచ్చే బలహీనత అని మాత్రం రాశాడు. పేరు తెలియని కడుపు జబ్బుతో ఏళ్ల తరబడి నలిగేవాళ్లు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. అందుకే ఈ వారం తిమోతి జీవితాన్ని ఆ వైపు నుంచి చూద్దాం.

క్రీ.శ. 50 ప్రాంతంలో పౌలు రెండో సువార్త యాత్రలో లుస్త్రకు వచ్చాడు. అంతకు ముందు యాత్రలో ఆ ఊళ్లోనే జనం ఆయనను రాళ్లతో కొట్టి, చనిపోయాడనుకుని ఊరి బయటికి ఈడ్చేశారు. అలాంటి మనిషి వెంట బయల్దేరడానికి యువకుడైన తిమోతి సిద్ధపడ్డాడు. అక్కడి నుంచి త్రోయ, సముద్రం దాటి ఫిలిప్పీ, ఆ తర్వాత థెస్సలొనీక, బెరయ. తొందరలోనే పౌలు ఆయనను ఒంటరిగా పంపడం మొదలుపెట్టాడు. థెస్సలొనీక విశ్వాసులు శ్రమల్లో ఉన్నప్పుడు ఏథెన్సు నుంచి తిమోతే వెళ్లాడు. కొరింథు సంఘం చీలికలతో సతమతమవుతుంటే అక్కడికీ తిమోతినే పంపాడు. ఆయన భయం లేకుండా ఉండేలా చూసుకోమని ఆ సంఘానికి ప్రత్యేకంగా రాశాడు కూడా. తిమోతిలా వాళ్ల క్షేమం గురించి చింతించేవాడు తన దగ్గర ఇంకొకడు లేడని ఫిలిప్పీయులకు చెప్పాడు. కొత్త నిబంధనలో 6 పత్రికలు పౌలు పేరుతో పాటు తిమోతి పేరుతోనూ మొదలవుతాయి.

ఈ ప్రయాణాలను కడుపు జబ్బున్న మనిషి ప్రయాణాలుగా ఒక్కసారి ఊహించుకోవాలి. ఎక్కువ భాగం కాలినడక. మిగతాది ఓడ మీద. రాత్రికి ఎవరింట బస దొరికితే ఆ ఇంట పెట్టిందే తినాలి. పల్లె సంఘాలకు వెళ్లే మన పాస్టర్లకు ఈ కష్టం బాగా తెలుసు. నాలుగిళ్లు దర్శిస్తే నాలుగు చోట్లా విస్తరి వేస్తారు. వద్దంటే ఆ ఇల్లాలు నొచ్చుకుంటుంది. తింటే రాత్రంతా నిద్ర ఉండదు. పైగా ఇది పదిమందిలో చెప్పుకునే జబ్బు కాదు. కాలు విరిగితే చూపించగలం. ఆరాధన మధ్యలో రెండుసార్లు లేచి బయటికి పోవలసి వచ్చిన మనిషి ఎవరికి ఏమని చెప్పుకుంటాడు?

పౌలు ఆయనను ఎఫెసులో నిలిపాడు. అది అర్తెమి దేవి గుడి ఉన్న మహానగరం. సంఘంలో తప్పుడు బోధకులు చేరారు. వాళ్లు పెళ్లి వద్దనేవాళ్లు, కొన్ని ఆహారాలు తినవద్దనేవాళ్లు. తిమోతి కంటే వయసులో పెద్దవాళ్లు ఆయన మాట లెక్కచేసేవాళ్లు కారు. ఈ ఒత్తిడి మధ్య తిమోతి నీళ్లు తప్ప మరేమీ తాగడం లేదు. ఎవరూ వేలెత్తి చూపకూడదని అంత కట్టుదిట్టంగా ఉన్నాడేమో అని మాకు అనిపిస్తుంది. పౌలు అది గమనించాడు. ఉత్తరంలో పెద్దల నియామకం గురించి, వాళ్ల మీద వచ్చే ఫిర్యాదుల గురించి రాస్తూ రాస్తూ మధ్యలో ఆగి, వట్టి నీళ్లు మానేసి కడుపు కోసం కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. ఆ రోజుల్లో ద్రాక్షారసం మందు కూడా. మంచి సమరయుడు గాయాల మీద పోసింది అదే. ఈ వచనం తాగుడు అలవాటున్నవాళ్లకు కంఠస్థమే గాని, కొంచెం అన్న మాట, కడుపు జబ్బు అన్న మాట వాళ్ల చెవికెక్కవు. అది వేరే సంగతి.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. ఇదే ఎఫెసులో పౌలు శరీరానికి తగిలిన చేతి గుడ్డలు తీసుకెళ్లి రోగుల మీద వేస్తే రోగాలు విడిచిపోయాయని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఉంది. మెలితే ద్వీపంలో పొప్లి తండ్రి జ్వరంతో, రక్తభేదితో పడి ఉంటే పౌలు ప్రార్థన చేసి చేతులుంచి బాగుచేశాడు. రక్తభేది కూడా కడుపుకు సంబంధించిన జబ్బే. ముక్కూ మొహం తెలియని వ్యక్తికి ఆ మేలు జరిగింది. కన్నకొడుకులా చూసుకున్న తిమోతికి మాత్రం పౌలు గుడ్డ పంపలేదు, ఆహారంలో ఒక మార్పు చెప్పాడు. కొలస్సయుల పత్రిక పౌలుతో పాటు తిమోతి పేరిట వెళ్లింది. అందులో వందనాలు చెప్పినవారిలో ప్రియ వైద్యుడైన లూకా ఉన్నాడు. అంటే పక్కన అపొస్తలుడూ ఉన్నాడు, డాక్టరూ ఉన్నాడు. అయినా జబ్బు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. నీకు విశ్వాసం చాలలేదని గాని, దాచిన పాపం ఉందేమో చూసుకోమని గాని పౌలు అనలేదు. స్వస్థత దొరికేదాకా పరిచర్య మానుకోమనీ అనలేదు. ఎఫెసు బాధ్యత తిమోతి చేతుల్లోనే ఉంది.

మన దగ్గర ఏం జరుగుతుంది? ఎంత తిన్నా ఒంటికి పట్టకపోతే మొదట గ్యాస్ ట్రబుల్ అంటారు. మందుల షాపులో అడిగి బిళ్లలు మింగుతారు. తగ్గకపోతే ఎవరో మందు పెట్టారంటారు. దాన్ని కక్కిస్తామనే వాళ్ల దగ్గరికి నాయుడుపేట చుట్టుపక్కల పల్లెల నుంచి ఇప్పటికీ బయల్దేరేవాళ్లున్నారు, వాళ్లలో విశ్వాసులూ ఉన్నారు. అది చాలదన్నట్టు సంఘంలో ఎవరో ఒకరు వచ్చి, ఉపవాసం ఉండమనో, గద్దింపు ప్రార్థన చేయించుకోమనో చెబుతారు. నీరసించి ఉన్న మనిషిని ఉపవాసం ఉండమనడం కంటే కఠినమైన మాట ఉండదు. ప్రార్థన చేయవద్దని మేము చెప్పడం లేదు. దానితోపాటు పౌలులా కంచంలోకి, గ్లాసులోకి కూడా ఒకసారి చూడాలి.

కంచంలోకి చూసిన వైద్యులు ఏం కనుక్కున్నారో తెలుసుకోవడం మంచిది. తిమోతి సొంత ప్రాంతం లుకయొనియకు పొరుగునే కప్పదొకియ ఉంది. అక్కడివాడైన అరెతయస్ అనే గ్రీకు వైద్యుడు, తిమోతి కాలానికి అటూ ఇటూగా, తిన్నది అరగకుండానే బయటికి పోయి మనిషి చిక్కిపోయే దీర్ఘకాలపు కడుపు జబ్బును వర్ణించాడు. 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ దానికి నయమయ్యే దారి ఉంటే అది ఆహారంలోనే ఉందని రాశాడు. ఏ ఆహారమో ఆయనకు తెలియలేదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో, నెదర్లాండ్స్‌లో రొట్టె కరువైంది. ఆ ఆకలి రోజుల్లో ఈ జబ్బున్న పిల్లల పరిస్థితి మెరుగుపడిందనీ, రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బు పడ్డారనీ చెబుతారు. పిల్లల వైద్యుడు విల్లెం డికే అప్పటికే గోధుమను అనుమానిస్తూ వచ్చాడు. 1950లో తన పరిశోధనా గ్రంథంలో ఆ సంగతి నిరూపించాడు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పడనివారిలో శరీరపు రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. దాన్నే సీలియాక్ జబ్బు అంటారు. తిమోతిది ఇదేనని చెప్పే ఆధారం లేదు, మేమూ చెప్పడం లేదు. కానీ ఆయన తిరిగిన దేశాల్లో పూటపూటా తినేది గోధుమ రొట్టె, యవల రొట్టె.

మాది స్వర్ణముఖి ఒడ్డున వరి పండే నేల. మొలగొలుకుల అన్నం తిని పెరిగిన తాతల ఇళ్లలో గోధుమ రొట్టె జ్వరం వస్తే తప్ప కనబడేది కాదు. ఇప్పుడు షుగర్ అని తేలగానే రాత్రికి చపాతీ. పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, సాయంత్రం పరోటా, పిల్లలకు బిస్కెట్లు, నూడుల్స్. మన దేశంలో సీలియాక్ జబ్బు గోధుమ తినే ఉత్తరాదిలోనే ఎక్కువ. దక్షిణాదిలో తక్కువ గనుక ఎవరికీ అనుమానం కూడా రాదు. రక్తం తక్కువగా ఉండడం, ఎముకలు బలహీనపడడం, పిల్లలైతే ఎదగకపోవడం కూడా దీని లక్షణాలే. రక్తపరీక్షతో అనుమానిస్తారు, ఎండోస్కోపీలో చిన్నపేగు నుంచి ముక్క తీసి నిర్ధారిస్తారు. ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. పరీక్షకు ముందే గోధుమ మానేస్తే జబ్బు ఉన్నా లేనట్టు ఫలితం రావచ్చు. పక్కింటివాళ్లు చెప్పారని మానేయకుండా ముందు డాక్టరును కలవాలి. అందరి కడుపు బాధకూ గోధుమే కారణం కాదు. పేగుల క్షయ కావచ్చు, పాలు పడకపోవడం కావచ్చు, పుండు కావచ్చు. పరీక్షలన్నీ బాగున్నా గోధుమ తింటే ఇబ్బంది పడేవాళ్లూ ఉన్నారు. సీలియాక్ అని తేలితే జీవితాంతం పూర్తిగా మానాల్సిందే. అన్నం, రాగిసంగటి, జొన్నరొట్టె, సజ్జలు తినవచ్చు. పొడి ఇంగువలో మాత్రం తరచూ గోధుమపిండి కలుపుతారు, సాంబారుతో జాగ్రత్త.

మరి ప్రభువు బల్ల సంగతేమిటి? 1860వ దశకంలో జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ మిషనరీలు వచ్చి ఈ ప్రాంతంలో లూథరన్ సంఘాలు నాటారు. అప్పటి నుంచి వరి పండే ఈ ఊళ్ల బల్ల మీద కూడా గోధుమ అప్పమే ఉంది. చిన్న ముక్క ఏం చేస్తుందిలే అంటారు. ఈ జబ్బున్నవారికి చిన్న ముక్క కూడా చేటే. కతోలిక సంఘం గోధుమ ఉండి తీరాలంటుంది. అయినా గ్లూటెన్ అతి తక్కువగా ఉన్న అప్పాన్ని వాడవచ్చనీ, అదీ పడనివారు ద్రాక్షారసం మాత్రమే తీసుకోవచ్చనీ 2003 జులై 24 నాటి లేఖలో వాటికన్ స్పష్టం చేసింది. ఇతర సంఘాల పెద్దలు తమ విశ్వాసుల్లో ఇలాంటివారుంటే విడిగా ఒక పళ్లెం పెట్టడం గురించి ఆలోచించాలి. అడగడానికి సిగ్గుపడి బల్లకు దూరంగా కూర్చునేవాళ్లను ముందుగా పలకరించాల్సింది పెద్దలే.

తిమోతికి స్వస్థత కలిగిందని ఎక్కడా రాసిలేదు. ఆయన చేసిన పని మాత్రం రాసి ఉంది. రోమా చెరసాలలో పౌలు చివరి రోజులకు చేరినప్పుడు పిలిపించుకోవాలనుకున్నది ఈ బలహీనుడినే. త్రోయలో కర్పు ఇంట వదిలిన అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా తోలు పత్రాలు తెమ్మన్నాడు. మార్కును వెంటబెట్టుకుని రమ్మన్నాడు. చలికాలంలో ఓడలు నడవవు గనుక ఈలోగానే రమ్మన్నాడు. అదే ఉత్తరంలో త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి వచ్చానని దాపరికం లేకుండా రాశాడు. తర్వాత తిమోతి కూడా చెరలో పడి విడుదలైనట్టు హెబ్రీ పత్రిక చివర్లో కనబడుతుంది.

సంఘ సంప్రదాయం ప్రకారం తిమోతి వృద్ధాప్యం దాకా ఎఫెసులోనే అధ్యక్షుడిగా ఉన్నాడు. క్రీ.శ. 97లో అక్కడి విగ్రహాల ఊరేగింపుకు అడ్డుపడితే జనం కొట్టి చంపారంటారు. అప్పటికి ఆయనకు 80 ఏళ్లని చెబుతారు. కతోలికులు ఆయననూ తీతునూ కలిపి స్మరించుకునే రోజు జనవరి 26, మనం జెండా ఎగరేసే రోజే.