గుర్రాల దగ్గర చదువుకున్న రౌతు

గుర్రం అనగానే మన కళ్ళ ముందు మెదిలేవి పెళ్ళి ఊరేగింపు, పోలీసుల కవాతు, మలక్‌పేట రేసులు. పరుగు తప్ప గుర్రానికి వేరే విద్య ఉంటుందని నేనూ అనుకోలేదు, ఎన్.సి.సి. గుర్రపు దళంలో చేరేదాకా. చేరిన మూడో నెలలో నాకిచ్చిన ఆడగుర్రం ఎడమవైపు తిరగనని మొరాయించింది. కమిచీతో నాలుగు తగిలించాను. అది మరింత బిగుసుకుపోయింది. దూరం నుంచి చూస్తున్న ముసలి సైసు దగ్గరకొచ్చి, గుర్రం తప్పేమీ లేదనీ, నేనే కుడిపక్కకి ఒరిగి కూర్చున్నాననీ చెప్పాడు. అందరి ముందూ అన్నాడు కదా, ఒళ్ళు మండింది. ఆ తర్వాత లైబ్రరీలో ఒక ఆస్ట్రియా దేశస్థుడి జీవితం చదివాక ఆ మంట చల్లారి సిగ్గు మిగిలింది. మిత్రులారా, ఆయన కథే ఇది.

ఆలోయిస్ పోధైస్కీ 1898లో, నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని మోస్తార్‌లో పుట్టాడు. సైన్యంలో చేరి అశ్వికదళ అధికారి అయ్యాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేసరికి ఆ సామ్రాజ్యమే లేకుండా పోయింది. మిగిలిన చిన్న ఆస్ట్రియాలో ఒక పాత విద్య మాత్రం బతికే ఉంది. అది వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూలు. పేరుకు స్పానిష్ అయినా స్కూలు వియన్నాదే. అక్కడి గుర్రాల పూర్వీకులు స్పెయిన్ నుంచి వచ్చినవి. వాటిని లిపిజానర్లంటారు. పుట్టినప్పుడు నల్లగానో గోధుమరంగులోనో ఉండి, వయసు వచ్చేకొద్దీ తెల్లబడతాయి. 1735లో పూర్తయిన ఆ తెల్లని హాలులోకి రౌతులు రాగానే గోడమీద ఆరవ చార్లెస్ చక్రవర్తి పటానికి టోపీ తీసి వందనం చేస్తారు. మన రంగస్థలం మీద నటులు నేలకు మొక్కినట్టన్నమాట.

1933లో సైన్యం పోధైస్కీని అక్కడికి శిక్షణకు పంపింది. అప్పటికే ఆయన పేరున్న రౌతు. పోలాక్, జ్రూస్ట్, లిండెన్‌బవర్ అనే పెద్దల దగ్గర మళ్ళీ విద్యార్థి అయ్యాడు. ఆ స్కూల్లో కొత్తవాడి మొదటి పాఠం వింటే మన వాళ్ళు నవ్వుతారు. గురువు పొడవాటి తాడు పట్టుకుని గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతుంటే, శిష్యుడు పైన ఊరికే కూర్చోవాలి. రికాబులుండవు, చేతికి పగ్గాలివ్వరు. ఇలా నెలల తరబడి! నడుము నిటారుగా నిలిచి, గుర్రం కదలికతో కలిసిపోయేదాకా అతనికి ఆజ్ఞ ఇచ్చే హక్కు లేదు.

డ్రెస్సేజ్ అంటే గుర్రానికి గారడీలు నేర్పటం అనుకునేవాణ్ణి. కాదు. పచ్చిక మైదానంలో స్వేచ్ఛగా ఉన్న గుర్రం తనంతట తానే చేసే అందమైన కదలికల్ని, వీపు మీద మనిషి బరువుతో కూడా అంత తేలిగ్గా చేయించటం. ముందు తిన్నగా నడవటం, తర్వాత ట్రాట్‌లో లయ తప్పకపోవటం, తర్వాత బరువుని కొంచెం కొంచెంగా వెనకకాళ్ళ మీదికి తేవటం. ఇది కుదిరాకే, ఉన్నచోటే కాళ్ళు ఎత్తివేస్తూ కదం తొక్కే పియాఫ్, గాల్లో క్షణం ఆగినట్టుండే పసాజ్. దీనికి ఏళ్ళు పడుతుంది. తొందరపడితే కండరం బిగుస్తుంది, మనసు విరుగుతుంది. మళ్ళీ నడక దగ్గర్నుంచి మొదలు. సెమిస్టర్ సిలబస్సులా ముగించే పని కాదిది.

ఆయన పేరు బయటికి తెచ్చిన గుర్రం లిపిజానర్ కాదు. నీరో అనే థరోబ్రెడ్. రేసుల్లో పనికిరాదనిపించుకున్నది. దాన్ని పోధైస్కీ స్వయంగా తీర్చిదిద్దాడు. గుర్రం తప్పు చేస్తే మొదట తన కూర్చోవటంలో, తన చేతిలో లోపం వెతుక్కోవటం ఆయన పద్ధతి. సరిగ్గా చేస్తే వెంటనే పగ్గాలు వదులు చేసి, మెడ నిమిరి, చక్కెర ముక్క పెట్టేవాడు. ఆ స్కూలు రౌతుల కోటు వెనక తోకలో చక్కెర కోసం ప్రత్యేకంగా ఒక రహస్యపు జేబు ఉంటుంది! 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో మొదటి రెండు స్థానాలూ జర్మన్లకే పోయాయి. మూడో స్థానం, కాంస్య పతకం, నీరో మీద పోధైస్కీకి దక్కింది.

1938లో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాడు. 1939లో పోధైస్కీ ఆ స్కూలు అధిపతి అయ్యాడు, జర్మన్ సైన్యపు యూనిఫాంలో. ఈ సంగతిని దాటేసి రాయటం నాకు ఇష్టంలేదు. విద్యని కాపాడటానికే ఉండిపోయాడని సమర్థించవచ్చు, ఎవరి నీడలో కాపాడాడని నిలదీయనూవచ్చు. నాకు రెండూ సబబుగానే తోస్తున్నాయి.

1945లో వియన్నా మీద బాంబులు పడుతుంటే మగ గుర్రాల్ని పశ్చిమాన సెయింట్ మార్టిన్ అనే ఊరికి తరలించాడు. మే 7న అక్కడ అమెరికన్ జనరల్ పాటన్ ముందు ప్రదర్శన ఇచ్చాడు. పాటన్ 1912 ఒలింపిక్స్‌లో మోడర్న్ పెంటాథ్లాన్‌లో పోటీ చేసినవాడు, గుర్రాల మనిషి. ప్రదర్శన ముగిశాక పోధైస్కీ ఆయన ఎదుట గుర్రం ఆపి, టోపీ తీసి, ఈ స్కూలుకి రక్షణ ఇవ్వమని అడిగాడు. ఓడిన సైన్యపు అధికారి, గెలిచిన సేనానిని అడగటం! పాటన్ సరేనన్నాడు. 1963లో వచ్చిన డిస్నీ సినిమా వల్ల చాలామంది, చెకోస్లొవేకియాలోని హోస్టావ్‌లో చిక్కుకున్న ఆడగుర్రాల్ని కూడా ఈ ప్రదర్శన చూశాకే రక్షించారనుకుంటారు. నిజానికి అమెరికన్ దళం వాటిని అంతకుముందే, ఏప్రిల్ 28న, చేజిక్కించుకుంది. సినిమాలు తేదీలకు కట్టుబడవు కదా!

1948 లండన్ ఒలింపిక్స్‌లో, యాభయ్యో ఏట, తేజా అనే గుర్రం మీద ఏడో స్థానం తెచ్చుకున్నాడు. స్కూలు తిరిగి వియన్నా చేరింది మాత్రం 1955లోనే. రిటైరయ్యాక, గుర్రాలే తన గురువులని చెప్పే పేరుతో ఒక పుస్తకం రాశాడు. 1973లో వియన్నాలో కన్నుమూశాడు.

ఆ పుస్తకం పేరు చూశాకే నేను మళ్ళీ మైదానానికి వెళ్ళాను. ఇప్పుడు కమిచీ గదిలో వదిలేసి, జేబులో బెల్లం ముక్క వేసుకుని వెళ్తున్నాను. ఎడమవైపు తిరుగుతోంది, ఇంకా కాస్త బిగువుగానే. అది ఆగినప్పుడల్లా ముసలి సైసు ఏమీ మాట్లాడడు, నా కుడి భుజం వైపు వేలు చూపిస్తాడంతే.