జార్జి స్మిత్ (అసీరియా పండితుడు)

జార్జి స్మిత్ (మార్చి 26, 1840 – ఆగష్టు 19, 1876) ఇంగ్లాండుకు చెందిన పురాలిపి పండితుడు, పురాతత్వ పరిశోధకుడు. ప్రపంచ సాహిత్యంలోని అతి ప్రాచీన కావ్యాలలో ఒకటైన గిల్గమేష్ కావ్యాన్ని మట్టి పలకల నుండి చదివి ఆధునిక ప్రపంచానికి పరిచయం చేసిన వ్యక్తిగా ఇతడు ప్రసిద్ధుడు. వృత్తిరీత్యా కరెన్సీ నోట్ల ముద్రణకు అచ్చులు చెక్కే పనివాడు. కళాశాల చదువు లేదు. బ్రిటిషు మ్యూజియంలోని ఒక పగిలిన పలకపై జలప్రళయ గాథను 1872లో గుర్తించడం ఇతని జీవితంలో ప్రధాన ఘట్టం. ఆ తరువాత నాలుగేళ్ళు నిండకుండానే, పురావస్తువుల అన్వేషణలో తిరుగుతూ, నేటి సిరియా దేశంలోని అలెప్పోలో 36 ఏళ్ళ వయసులో మరణించాడు.

బాల్యము, వృత్తి

స్మిత్ లండను నగరంలోని చెల్సీలో ఒక శ్రామిక కుటుంబంలో జన్మించాడు. 14వ ఏట బ్రాడ్‌బరీ అండ్ ఇవాన్స్ అనే ముద్రణ సంస్థలో నోట్ల అచ్చులు చెక్కే పని నేర్చుకోవడానికి చేరాడు. ఆ రోజుల్లోనే అసీరియా తవ్వకాలను గురించిన పుస్తకాలు ఇతనిని ఆకర్షించాయి. మధ్యాహ్న భోజన విరామంలో బ్రిటిషు మ్యూజియంకు వెళ్ళి పలకల ముందు గడపడం అలవాటు చేసుకున్నాడు. క్యూనిఫారమ్ లిపిని (దీనిని శరాకార లిపి అని కూడా అంటారు) సొంతంగానే నేర్చుకున్నాడు. లోహంపై సన్నని గీతలు చెక్కే వృత్తి ఇతని కంటికి మంచి శిక్షణ ఇచ్చిందనడంలో సందేహం లేదు. అరిగిపోయిన అక్షరాలను పోల్చుకోవడంలోను, విడిపోయిన ముక్కలను జతపరచడంలోను ఇతనికి సాటివచ్చేవారు అప్పట్లో అరుదు.

1863లో మేరీ క్లిఫ్టన్‌ను వివాహమాడాడు. వీరికి ఆరుగురు సంతానం.

మ్యూజియం అధికారి శామ్యూల్ బర్చ్, క్యూనిఫారమ్ లిపిని ఛేదించినవారిలో ఒకడైన హెన్రీ రాలిన్సన్ ఈ యువకుని ప్రతిభను గుర్తించారు. వారి ప్రోత్సాహంతో 1867లో స్మిత్ మ్యూజియంలో సహాయకునిగా చేరాడు. 1871లో అసీరియా చక్రవర్తి అషుర్‌బనిపాల్ శాసనాలను అనువాదంతో ప్రచురించాడు. సైప్రస్ ద్వీపపు ప్రాచీన లిపిని ఛేదించడంలో కూడా ఇతడు మార్గదర్శకుడు.

జలప్రళయ ఫలకము

స్మిత్ పనిచేసిన పలకలలో అధికభాగం నేటి ఇరాక్‌లోని మోసుల్ నగరానికి ఎదురుగా, టైగ్రిస్ నది ఆవలి ఒడ్డున ఉన్న నినెవే శిథిలాలలో దొరికినవి. అక్కడి కుయుంజిక్ దిబ్బను తవ్వి ఆస్టిన్ హెన్రీ లేయర్డ్, మోసుల్‌కే చెందిన హోర్ముజ్ద్ రస్సాం అషుర్‌బనిపాల్ గ్రంథాలయాన్ని వెలికితీశారు. క్రీ.పూ. 612లో శత్రువులు నినెవేను తగులబెట్టారు. తాళపత్రాలో, తోలు గ్రంథాలో అయితే ఆ మంటలలో బూడిద అయ్యేవి. మట్టి పలకలు మాత్రం కాలి మరింత గట్టిపడి, రెండున్నర వేల ఏళ్ళు నిలిచాయి. కాని పైకప్పులు కూలడంతో పగిలిపోయి, 30 వేలకు పైబడిన పలకలుగా, ముక్కలుగా లండను చేరాయి. వీటిని విషయం వారీగా వేరుచేసే పనిని స్మిత్ చేపట్టాడు.

1872లో పురాణ కథల విభాగంలోని ఒక ముక్కపై, ఒక ఓడ కొండమీద నిలిచిందని, ఒక పావురాన్ని వదలగా అది వాలేచోటు దొరకక తిరిగివచ్చిందని రాసి ఉండడం స్మిత్ గమనించాడు. బైబిలులోని నోవహు కథకు ఇది అతి సన్నిహితమైనది. (ప్రళయ సమయంలో మనువును ఓడ ఎక్కించి కాపాడిన మత్స్యం కథ తెలిసిన మన పాఠకులకూ ఇది కొత్తగా తోచదు.) పలకపై గట్టిగా పేరుకున్న సున్నపు పొర మిగిలిన పంక్తులను కప్పివేసింది. దానిని శుభ్రం చేయగల నిపుణుడు అప్పుడు ఊరిలో లేడు. అతడు తిరిగి వచ్చేవరకు స్మిత్ తీవ్రమైన ఆత్రుతతో వేచి ఉండవలసివచ్చింది. చివరకు శుభ్రపడిన పలకను చదివిన ఆనందంలో ఇతడు గదిలో పరుగులు తీసి, బట్టలు విప్పడం మొదలుపెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది. దీనిని రాసిన వాలిస్ బడ్జ్ స్మిత్ మరణించిన తరువాత మ్యూజియంలో చేరినవాడు కనుక, ఇది కళ్ళారా చూసిన విషయం కాదు.

1872 డిసెంబరు 3న లండనులోని బైబిలు పురాతత్వ సంఘం ఎదుట స్మిత్ తన అనువాదాన్ని చదివాడు. ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ కూడా సభకు హాజరయ్యాడు. బైబిలు నిజమని దీనితో రుజువైందని కొందరు, బైబిలు కథకు మూలం బాబిలోనియాలోనే ఉందని మరికొందరు వాదించసాగారు.

నినెవే యాత్రలు

పలకలో కొంత భాగం లోపించింది. దానిని వెదకడానికి డైలీ టెలిగ్రాఫ్ పత్రిక వెయ్యి గినీలు ఇవ్వజూపింది. ఈ ఏర్పాటు వెనుక ఉన్నవాడు ఎడ్విన్ ఆర్నాల్డ్. ఇతడు అంతకుముందు పూనాలో కళాశాల ప్రధానాచార్యుడు. 1879లో బుద్ధుని జీవితంపై లైట్ ఆఫ్ ఏషియా అనే కావ్యం రాసినవాడు.

స్మిత్ 1873 జనవరిలో బయలుదేరి మార్చిలో మోసుల్ చేరాడు. ఒట్టోమన్ ప్రభుత్వపు ఫర్మానా కోసం నిరీక్షించి, నిమ్రూద్‌లో కొంత తవ్వి, మే 7న కుయుంజిక్‌లో పని ప్రారంభించాడు. వేలాది ముక్కల మధ్య ఒక ముక్క కోసం వెదకడం వ్యర్థప్రయాస అనిపించేదే. అయినా మే 14న, ఆనాటి ముక్కలను తుడిచి చూస్తుండగా, ప్రళయ గాథకు చెందిన 17 పంక్తులు కనిపించాయి.

ఈ విజయమే తవ్వకానికి అడ్డు వచ్చింది. కోరినది దొరికిందని పత్రిక యాత్రను ముగించింది. స్మిత్ పంపిన తంతి వార్త పత్రికలో మార్పులతో అచ్చయింది. తవ్వకాల కాలం ముగుస్తున్నదన్న మాట అందులో చేరింది. తన అభిప్రాయం దీనికి విరుద్ధమని స్మిత్ తరువాత తన పుస్తకంలో స్పష్టం చేశాడు. తిరుగు ప్రయాణంలో అలెగ్జాండ్రెట్టా రేవులో సుంకపు అధికారులు ఇతని పురావస్తువులను పట్టుకున్నారు. బ్రిటిషు రాయబారి జోక్యంతో అవి కొంతకాలానికి విడుదలయ్యాయి.

అదే ఏడాది నవంబరులో మ్యూజియం వెయ్యి పౌండ్ల ఖర్చుతో ఇతనిని మళ్ళీ పంపింది. ఫర్మానా గడువు 1874 మార్చిలో ముగియడంతో ఈసారి కూడా పని త్వరగానే ఆగిపోయింది. ఈ రెండు యాత్రల వివరాలను 1875లో, కల్దీయుల సృష్టి, ప్రళయ గాథలను 1876లో పుస్తకాలుగా వెలువరించాడు.

చివరి యాత్ర, మరణము

మూడవ యాత్ర మొదటి నుండి కష్టాలతోనే సాగింది. ఫర్మానా కోసం ఇస్తాంబుల్‌లో నెలల కాలం గడిచిపోయింది. దారిలో యూఫ్రటీస్ ఒడ్డున ఉన్న జెరాబ్లస్ శిథిలాలే హిట్టైటుల ప్రసిద్ధ నగరం కార్కెమిష్ అని ఇతడు గుర్తించాడు. బాగ్దాదులో వర్తకుల నుండి రెండు వేలకు పైగా పలకలు కొన్నాడు. కాని దేశంలో అంటువ్యాధులు, అశాంతి ప్రబలి ఉండడం వలన నినెవేలో తవ్వకం సాధ్యపడలేదు. తోడు వచ్చిన ఫిన్లాండు పండితుడు ఈ యాత్రలోనే మరణించాడు. మండువేసవిలో తిరుగు ప్రయాణమైన స్మిత్ జిగట విరేచనాలతో అలెప్పోకు ఈశాన్యంగా ఉన్న ఇకిస్జీ గ్రామంలో పడిపోయాడు. అక్కడినుండి అలెప్పోకు చేర్చినా ఫలితం లేకపోయింది.

గ్రామంలో ఉండగా ఇతడు దినచర్య పుస్తకంలో కొన్ని మాటలు రాసుకున్నాడు. వైద్యుడు వస్తే బతుకుతానని, కాని రాలేదని, తన కుటుంబాన్ని మిత్రులు ఆదుకోవాలని అందులో ఉంది. కొన్ని పురావస్తువులు పెట్టెలో పొడవు బూట్లతో పాటు ఉన్నాయని కూడా గుర్తుగా రాశాడు. తాను స్వయంగా పరిశోధించదలచిన సేకరణను, రాతప్రతులను విద్యార్థులందరికీ అందుబాటులో ఉంచాలని కోరాడు. చావుకు భయం లేదని, కుటుంబం కోసమే జీవించాలని ఉందని రాశాడు.

విక్టోరియా రాణి ఇతని భార్యాబిడ్డలకు సంవత్సరానికి 150 పౌండ్ల భరణం మంజూరు చేసింది.

తరువాతి పరిశోధనలు

కావ్య నాయకుని పేరును స్మిత్ ఇజ్దుబార్ అని చదివాడు. అది గిల్గమేష్ అని 1890లో థియోఫిలస్ పించెస్ నిర్ధారించాడు. ప్రళయ గాథ ఉన్నది కావ్యంలోని పన్నెండు ఫలకాలలో పదకొండవది. నినెవేలో 1873లో దొరికిన 17 పంక్తుల ముక్క మాత్రం ఈ కావ్యానిది కానే కాదని, అదే ప్రళయాన్ని వర్ణించే అత్రహసిస్ అనే మరో కావ్యానిదని తరువాతి పండితులు తేల్చారు. ఆ ముక్కకు మ్యూజియం ఇచ్చిన సంఖ్య డి.టి. 42, ఇందులోని అక్షరాలు డైలీ టెలిగ్రాఫ్‌కు గుర్తు. స్మిత్ మొదట చదివిన అరచేయి కంటే కొంచెం పెద్దదైన పలక సంఖ్య కె. 3375.