పెన్ను చెక్కే ముందు మాడ్‌స్లేని తెలుసుకోవాలి

చెక్క పెన్ను చేద్దామని దిగినవాళ్లని ముందు ఏడిపించేది లేత్ కాదు, ముక్క చివర్లు. బ్లాంక్‌కి రంధ్రం వేసి ఇత్తడి గొట్టం అంటించాక, చివరి ముఖం ఆ గొట్టానికి సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండాలి. లేదంటే బిగించేటప్పుడు ఒక పక్క సందు కనిపిస్తుంది, లేదా చెక్క పగులుతుంది. దీనికి పెన్ మిల్ కొనాలా, డిస్క్ శాండర్ చాలా అని నన్నడిగితే నేను హెన్రీ మాడ్‌స్లే కథ మొదలుపెడతాను.

1771లో లండన్ దగ్గర వూలిచ్‌లో పుట్టాడు. పన్నెండేళ్లకే అక్కడి ఆయుధాగారంలో తూటాల్లో మందు నింపే పని. తర్వాత వడ్రంగం, ఆపైన కమ్మరం. పద్దెనిమిదేళ్లకి జోసెఫ్ బ్రామా అనే తాళాలాయన దగ్గర చేరాడు. బ్రామా తాళం డిజైన్ అద్భుతమే, కానీ చేత్తో చేస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. దానికి కావలసిన మెషీన్లు కట్టిపెట్టింది మాడ్‌స్లేనే. జీతం వారానికి 30 షిల్లింగులు. ఇంట్లో పెళ్లాం పిల్లలు. పెంచమంటే బ్రామా కుదరదన్నాడు. అంతే, 1797లో బయటికొచ్చి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ దగ్గర సొంత షాపు పెట్టుకున్నాడు.

అప్పట్లో లేత్ మీద ఉలిని చేత్తోనే పట్టుకునేవాళ్లు. చెయ్యి వణికితే పని వంకర. ఉలిని పట్టుకునే స్లైడ్ రెస్ట్ ఆలోచన ఆయనకంటే ముందూ ఉంది. దాన్ని ఇనుముతో గట్టిగా కట్టి, లీడ్ స్క్రూకీ గేర్లకీ కలిపి, 1800 ప్రాంతంలో మరలు కోసే లేత్‌గా నిలబెట్టింది మాత్రం ఈయన. షాపులో కొలతల గొడవ వస్తే తీర్పు చెప్పడానికి ఒక మైక్రోమీటర్ ఉండేది, పేరు లార్డ్ ఛాన్సలర్! దాని మీద ఇక అప్పీల్ లేదన్నమాట. ఫస్టియర్ ఫిట్టింగ్ షాపులో ఎం.ఎస్. ముక్కని అరగదీసి, ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురు కోసం చూశాం కదా, ఆ చూపు ఈయన బాటదే.

ఇప్పుడు పెన్ మిల్ సంగతి. దాని కడ్డీ గొట్టంలో దూరుతుంది, పళ్లు ఆ కడ్డీకి లంబంగా తిరుగుతాయి. అంటే కొలతకి ఆధారం చెయ్యి కాదు, గొట్టమే. మామూలు చెక్కకి నా ఓటు దీనికే, పళ్లు పదునుగా ఉన్నంతవరకే సుమా. అక్రిలిక్ లాంటి పెళుసు ముక్కలు దీనికి చిట్లుతాయి. వాటికి కడ్డీ ఉన్న జిగ్‌తో డిస్క్ శాండర్ మేలు. కడ్డీ గొట్టంలో వదులుగా ఆడకూడదు. జిగ్ లేకుండా చేత్తో ఆనిస్తే మళ్లీ మాడ్‌స్లేకి ముందు కాలానికి పోయినట్టే. ఏది వాడినా ఇత్తడి మెరవగానే ఆపండి, గొట్టం పొట్టిదైతే పెన్ను సరిగ్గా కూర్చోదు.

మాడ్‌స్లే చెక్క పని కూడా చేశాడు. పోర్ట్స్‌మత్‌లో ఓడల కప్పీల కోసం మార్క్ బ్రూనెల్ గీసిన మెషీన్లు కట్టిచ్చాడు. వాటి దగ్గర పదిమంది, 110 మంది నేర్పరుల పని చేశారు. మిగిలిన వందమందీ ఎటు పోయారన్నది నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆయన దగ్గర పనిచేసినవాళ్లలో విట్‌వర్త్, నాస్మిత్ ఉన్నారు. 1831 ఫిబ్రవరిలో పోయాడు. వూలిచ్ చర్చి దగ్గర కట్టిన సమాధి పోత ఇనుముది, డిజైన్ కూడా తనదే.